పెరిగిన ఆయుర్దాయం, పెరుగుతున్న బాధ్యత



మన సమాజంలో పెద్దలు పిల్లలకు ఇచ్చే దీవెనలలో దీర్ఘాయువుకు ఉన్న స్థానం మరి దేనికీ లేదు. కాళ్లకు మొక్కిన పిల్లవాణ్ణి తెలుగు ఇంట "చిరంజీవ" అని దీవిస్తారు; హిందీ ప్రాంతాలలో "జీతే రహో" అంటారు. ఉత్తరం రాసేటప్పుడు చిన్నవారి పేరుకు ముందు "చిరంజీవి" అని చేర్చడం మన మర్యాద. అరవై ఏళ్లు నిండితే షష్టిపూర్తి మహోత్సవం చేస్తారు. వేయి పున్నములు చూసినవారికి, అంటే ఎనభై ఏళ్లు పైబడి జీవించినవారికి, సహస్ర చంద్రదర్శన వేడుక జరుపుతారు. ఈ ఆచారాల వెనుక ఒక చారిత్రక సత్యం దాగి ఉన్నది. ఏది అరుదుగా లభిస్తుందో దానినే మనుషులు పదే పదే కోరుకుంటారు, లభించినప్పుడు పండుగ చేసుకుంటారు. అరవై ఏళ్లు బ్రతకడం ఒకప్పుడు నిజంగానే ఉత్సవం జరుపుకోదగిన అదృష్టం. నేడు అది కోట్లాది కుటుంబాలలో సాధారణ విషయం అయింది. ఈ మార్పు ఎట్లా వచ్చింది, దాని వెంట ఎటువంటి బాధ్యత వచ్చింది అన్నది నేటి విద్యార్థి తప్పక తెలుసుకోవలసిన విషయం.

వందేళ్ల లెక్కలు

భారత జనాభా లెక్కల చరిత్రలో 1921వ సంవత్సరాన్ని నిపుణులు "మహా విభజన సంవత్సరం" అని వ్యవహరిస్తారు. 1911లో దేశ జనాభా సుమారు 25 కోట్ల 20 లక్షలు. పదేళ్ల తరువాత లెక్కించినప్పుడు అది 25 కోట్ల 10 లక్షలకు తగ్గింది. 1918లో వ్యాపించిన విషజ్వరం, అంటే ఇన్‌ఫ్లుయెంజా, ఈ దేశంలోనే కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ప్లేగు, కలరా, మలేరియా, క్షామం దానికి తోడైనాయి. ఆ దశాబ్దంలో భారతీయుని సగటు ఆయుర్దాయం ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా మాత్రమే ఉన్నదని అంచనా. 1921 తరువాత ఏ లెక్కల్లోనూ దేశ జనాభా తగ్గలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో, 1951 జనాభా లెక్కల నాటికి, సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. నమూనా నమోదు విధానం ద్వారా ప్రభుత్వం సేకరించిన వివరాల ప్రకారం 1970–75 మధ్య అది 49.7 ఏళ్లకు చేరింది. 2014–18 మధ్య 69.4 ఏళ్లు అయింది. కోవిడ్ మహమ్మారి ఈ పురోగతిని కొంతకాలం వెనక్కు నెట్టింది. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 2019లో 71 ఏళ్లకు చేరువైన ఆయుర్దాయం 2021లో సుమారు 67 ఏళ్లకు పడిపోయింది. తిరిగి 2023 నాటికి 72 ఏళ్లకు చేరుకున్నది. మొత్తం మీద స్వతంత్ర భారతదేశంలో పుట్టిన శిశువు ఆశించగల జీవితకాలం రెట్టింపును మించి పెరిగింది.

సగటు అనే మాటకు అర్థం

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక పొరపాటు జరిగే అవకాశం ఉన్నది. సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు అంటే, ఆ రోజులలో ముప్పై రెండేళ్లు దాటినవారే లేరని భావించరాదు. ప్రతి గ్రామంలోనూ తాతలు, అవ్వలు ఉండేవారు. వారిలో తొంభై ఏళ్లు బ్రతికినవారూ ఉన్నారు. ఒక చిన్న లెక్క వేసి చూస్తే విషయం బోధపడుతుంది. పదిమంది పిల్లలు పుట్టారనుకుందాం. వారిలో నలుగురు ఏడాది నిండగానే మరణించారు; మిగిలిన ఆరుగురు అరవై ఏళ్ల చొప్పున జీవించారు. పదిమంది జీవించిన మొత్తం సంవత్సరాలు 364. సగటు 36 ఏళ్ల చిల్లర. ఆ పదిమందిలో ముప్పై ఆరో ఏట చనిపోయినవారు ఒక్కరూ లేరు. అయినా సగటు అక్కడికి దిగజారింది. దానిని కిందికి లాగినవి ఆ నాలుగు ఉయ్యాలలే.

దేశంలో నాడు జరిగినది సరిగ్గా ఇదే. 1943లో సర్ జోసఫ్ భోర్ అధ్యక్షతన నియమితమై 1946లో నివేదిక సమర్పించిన ఆరోగ్య సర్వే సంఘం, దేశంలో సంభవించే మరణాలలో దాదాపు సగం పదేళ్ల లోపు పిల్లలవేనని, అందులోనూ సగం మొదటి ఏడాదిలోనే జరుగుతున్నాయని స్పష్టం చేసింది. కాబట్టి ఆయుర్దాయం పెరిగిన కథ చాలవరకు పసిబిడ్డలు బ్రతికి బట్టకట్టిన కథ. 1971లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. తల్లి కడుపుకోత ఇంటింటి అనుభవంగా ఉన్న కాలం నుండి, అది అరుదైన దుర్ఘటనగా మారిన కాలానికి దేశం నడిచి వచ్చింది.

మృత్యువుతో పోరు

ఈ విజయం ఏ ఒక్క మందు వల్లనో, ఏ ఒక్క వైద్యుని వల్లనో సిద్ధించలేదు. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మంది మలేరియా బారిన పడేవారని, ఎనిమిది లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. ఊరూరా ఇంటింటికీ వెళ్లి గోడలపై డి.డి.టి. చల్లారు. 1960వ దశాబ్దం మధ్యకు రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగింది. అటుపై జాగ్రత్త సడలింది. దోమలు మందుకు అలవాటు పడ్డాయి. 1976లో రోగుల సంఖ్య తిరిగి 64 లక్షలు దాటింది. సాధించిన ఆరోగ్యాన్ని నిలుపుకోవడం కూడా సాధించడమంత కష్టమైన పనియేనని ఈ అనుభవం నేర్పింది.

మశూచి విషయంలో విజయం సంపూర్ణమైంది. అమ్మవారు పోసిందని భయపడి వేపమండలు కట్టుకున్న గ్రామాలకు టీకా వేసే కార్యకర్తలు కాలినడకన వెళ్లారు. 1975 మే నెలలో చివరి రోగిని గుర్తించిన తరువాత ఆ వ్యాధి దేశంలో మళ్లీ కనిపించలేదు. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది. పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చిలో భారతదేశం పోలియో లేని దేశంగా ధ్రువీకరణ పొందింది.

కొన్ని ఆవిష్కరణలు విపత్తు నడుమ పుట్టాయి. 1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాట కాలంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైన్ నిల్వలు అడుగంటాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర, వంటసోడా తగిన పాళ్లలో నీటిలో కలిపి, బంధువుల చేతనే రోగులకు తాగించే ఏర్పాటు చేశారు. అంతకుముందు నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నూటికి నాలుగు లోపునకు తగ్గాయి. ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ నేడు లభించే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఆ శిబిరపు అనుభవం ఉన్నది. ఆయన 2022లో కీర్తిశేషులైన తరువాత 2023లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఈ పోరాటంలో ఒక తెలుగువాని పేరు చిరస్మరణీయం. 1895లో భీమవరంలో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహించారు. ఆయన మార్గదర్శకత్వంలోనే టెట్రాసైక్లిన్ వర్గపు తొలి ఔషధం ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. బోదకాలు వ్యాధిని అరికట్టే మందు కూడా ఆయన బృందం కృషి ఫలితమే. అదే సంవత్సరం ఆయన 53వ ఏట కన్నుమూశారు. ఎందరి ఆయువునో పొడిగించిన ఆ శాస్త్రవేత్తకు షష్టిపూర్తి యోగం లేకపోయింది.

మందులతోపాటు ఆహారం, చదువు, శుభ్రమైన నీరు ఈ విజయంలో భాగస్వాములు. 1943 నాటి బెంగాల్ క్షామం సుమారు ముప్పై లక్షల ప్రాణాలను హరించింది. స్వాతంత్ర్యానంతరం ఆ స్థాయి క్షామం దేశంలో మళ్లీ సంభవించలేదు. తల్లి చదువుకున్న ఇంట బిడ్డ బ్రతికే అవకాశం ఎక్కువన్నది ప్రపంచమంతటా రుజువైన విషయం.

పొరుగు దేశాల పాఠం

ఈ సత్యాన్ని పొరుగు దేశాలు మరింత స్పష్టంగా నిరూపించాయి. శ్రీలంక ధనిక దేశం కాదు. అయినా ఉచిత విద్య, ఉచిత వైద్యం, మలేరియాపై పోరాటం కలిసి 1940వ దశాబ్దం చివరి సంవత్సరాలలోనే అక్కడి ఆయుర్దాయాన్ని అనూహ్యంగా పెంచాయి. నేడు ఆ దేశంలో ఆయుర్దాయం 77 ఏళ్ల వద్ద ఉన్నది. యుద్ధం, తుఫాను, క్షామం నడుమ కళ్లు తెరిచిన బంగ్లాదేశ్, గ్రామ ఆరోగ్య కార్యకర్తలను, స్త్రీల విద్యను, ఓ.ఆర్.ఎస్. ప్రచారాన్ని నమ్ముకొని ఆయుర్దాయంలో భారతదేశాన్ని మించింది. దేశ సంపద ఎంత అన్న ప్రశ్నతోపాటు, ఆ సంపద ఎవరి గడపకు చేరుతున్నది అన్న ప్రశ్న కూడా ముఖ్యమని ఈ రెండు దేశాలు చాటుతున్నాయి.

ఆయుర్దాయం విషయంలో స్త్రీల గాథ ప్రత్యేకంగా గమనించదగినది. ప్రకృతి సహజంగా స్త్రీలు పురుషులకంటే కొంత ఎక్కువ కాలం జీవిస్తారు. కాని 1970–75 మధ్య భారతదేశంలో పురుషుల ఆయుర్దాయం 50.5 ఏళ్లు కాగా స్త్రీలది 49 మాత్రమే. ఆడపిల్లల పట్ల నిర్లక్ష్యం, చిన్నతనపు వివాహాలు, పదే పదే కాన్పులు, మంత్రసాని తప్ప మరో దిక్కులేని పురుళ్లు దీనికి కారణాలు. 1980వ దశాబ్దంలో స్త్రీలు పురుషులను దాటారు. 2014–18 నాటికి స్త్రీల ఆయుర్దాయం 70.7, పురుషులది 68.2. సామాజిక న్యాయం అంకెలలో కనిపించే అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

దేశం ఎందుకు ముదురుతున్నది?

మనుషులు ఎక్కువ కాలం జీవించడం వల్లనే దేశంలో వృద్ధుల నిష్పత్తి పెరుగుతున్నదని సాధారణంగా అనుకుంటారు. అది సగం సత్యం. శిశు మరణాలు తగ్గినప్పుడు మొదట పెరిగేది పిల్లల సంఖ్య. అందుచేత తొలి దశలో దేశం నిజానికి యవ్వనవంతం అవుతుంది. జనాభాలో వృద్ధుల పాలు పెరగడానికి ప్రధాన కారణం జననాలు తగ్గడం. బ్రతుకుతారన్న నమ్మకం కలిగిన తరువాత తల్లిదండ్రులు తక్కువ మంది పిల్లలతో తృప్తి పడతారు. 1971లో ఒక స్త్రీకి సగటున 5.2 మంది సంతానం కలిగేవారు; 2020 నాటికి ఆ సంఖ్య 2కు తగ్గింది. తరం తరువాత తరం జనాభా స్థిరంగా నిలవడానికి కావలసిన 2.1 కంటే ఇది కొంచెం తక్కువ. పునాది ఇరుకై, పైభాగం వెడల్పయ్యే కట్టడం వలె జనాభా స్వరూపం మారుతున్నది.

1951లో అరవై దాటినవారు దేశంలో సుమారు రెండు కోట్లు. జనాభాలో ఐదున్నర శాతం. 2011 జనాభా లెక్కల్లో వారు 10.4 కోట్లు, 8.6 శాతం. 2050 నాటికి వారి సంఖ్య 34 కోట్లు దాటుతుందని, ప్రతి ఐదుగురిలో ఒకరు వయోవృద్ధులు అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. అరవై ఏళ్లకు చేరిన వ్యక్తి ఆపై మరెంతకాలం జీవిస్తాడన్న లెక్క కూడా మారింది. 1970వ దశాబ్దం ఆరంభంలో అది సుమారు 14 ఏళ్లు. ఇటీవలి లెక్కల్లో 18 ఏళ్లు దాటింది.

ఈ మార్పు వేగం ఆందోళన కలిగించేది. జనాభాలో 65 ఏళ్లు దాటినవారి పాలు 7 శాతం నుండి 14 శాతానికి పెరగడానికి ఫ్రాన్స్ దేశానికి సుమారు 115 సంవత్సరాలు పట్టింది. ఆ లోగా అక్కడ పరిశ్రమలు విస్తరించాయి, పింఛన్లు, ఆసుపత్రులు ఏర్పడ్డాయి. జపాన్‌కు అదే మార్పు పాతికేళ్లలో జరిగింది. కాని అప్పటికే అది సంపన్న దేశం. ఆసియాలోని వర్ధమాన దేశాలకు కాలమూ తక్కువే, ధనమూ తక్కువే. సంపన్నులు కాకముందే వృద్ధులు కావలసిన పరిస్థితి వాటిది.

ఒకే దేశం, అనేక వయస్సులు

భారతదేశమంతా ఒకే వేగంతో ముదరడం లేదు. 2014–18 మధ్య కేరళలో ఆయుర్దాయం 75 ఏళ్లు దాటగా ఛత్తీస్‌గఢ్‌లో 65 వద్ద ఉన్నది. ఒకే రాజ్యాంగం కింద, ఒకే జెండా నీడన పుట్టిన ఇద్దరు శిశువుల మధ్య పదేళ్ల ఆయువు తేడా! 2021 నాటికి కేరళ జనాభాలో వృద్ధులు 16.5 శాతం, బీహార్‌లో 7.7 శాతం అని ప్రభుత్వ నిపుణుల సంఘం అంచనా. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీల సగటు సంతానం బీహార్‌లో 3.0 కాగా కేరళలో, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదని 1994లో నియమం పెట్టుకున్న ఆంధ్రప్రదేశ్, 2024 నవంబరులో ఆ నియమాన్ని రద్దు చేస్తూ శాసనసభలో బిల్లులు ఆమోదించింది. ముప్పై ఏళ్లలో ఆలోచన ఎంతగా తిరగబడిందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఈ వ్యత్యాసం సక్రమంగా అర్థం చేసుకుంటే జాతీయ సమైక్యతకు కొత్త పునాది అవుతుంది. కేరళ యువతులు నర్సులుగా ఢిల్లీ, ముంబయి, కలకత్తా ఆసుపత్రులలో దశాబ్దాలుగా సేవలందించారు. నేడు అదే కేరళలో ఇళ్లు కట్టేవారిలో, ప్లైవుడ్ కర్మాగారాలలో పనిచేసేవారిలో అస్సాం, పశ్చిమ బెంగాల్, ఒడిశా, బీహార్ యువకులు అధిక సంఖ్యలో ఉన్నారు. వారికి మలయాళం నేర్పడానికి ఆ రాష్ట్ర అక్షరాస్యతా సంస్థ 2017లో పెరుంబావూరులో ఒక కార్యక్రమం ప్రారంభించి దానికి "చంగాతి" అని పేరు పెట్టింది. మలయాళంలో ఆ మాటకు స్నేహితుడు అని అర్థం. అది తెలుగువారి "సంగడీడు"ను జ్ఞప్తికి తెస్తుంది. ముదిరిన రాష్ట్రానికి యువ రాష్ట్రం చేయూత. యువ రాష్ట్రానికి ముదిరిన రాష్ట్రం జీవనోపాధి. ఈ పరస్పరాధారం రాబోయే దశాబ్దాలలో మరింత పెరుగుతుంది. పని కోసం వచ్చిన పరాయి భాషవాణ్ణి అనుమానంతో చూసే సమాజం, రేపు తన వృద్ధులకు ఆసరా ఇచ్చే చేతిని తానే తోసివేసుకున్నట్లవుతుంది.

వలసకు రెండవ పార్శ్వం కూడా ఉన్నది. పాలమూరు కూలీలు దూర ప్రాంతాలకు తరలిపోయినప్పుడు ఇంటి వద్ద మిగిలేది ముసలివారూ పసివారే. కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడగా, పెద్ద పెద్ద ఇళ్లలో వృద్ధ దంపతులు ఒంటరిగా మిగిలిన సందర్భాలు అనేకం. మొదటి ఇంటికి ధనం లేదు. రెండవ ఇంట ధనం ఉన్నది. జ్వరం వచ్చిన రాత్రి మంచినీళ్లు అందించే మనిషి రెండిళ్లలోనూ లేడు.

వృద్ధాప్యంలోని కష్టాలు

సంవత్సరాలు పెరిగినంత మాత్రాన సుఖం పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో భారతీయుని ఆయుర్దాయం సుమారు 71 ఏళ్లు కాగా, అందులో ఆరోగ్యంగా గడిపే కాలం సుమారు 60 ఏళ్లు మాత్రమే. అంటే దాదాపు ఒక దశాబ్దం వ్యాధితోనో వైకల్యంతోనో గడుస్తున్నది. వెనుకటి తరాలను కలరా, మశూచి రోజుల వ్యవధిలో హరించేవి. నేటి వృద్ధులను రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, కీళ్ల నొప్పులు, చూపు మందగించడం, మతిమరుపు ఏళ్ల తరబడి వెంటాడుతాయి. వీటికి ఒకసారి వేసే టీకా చాలదు. నెలనెలా మందులు, నిత్యం కనిపెట్టి ఉండే మనిషి కావాలి. 1978లో మద్రాసు వైద్య కళాశాల ఆసుపత్రిలో వృద్ధుల కోసం ప్రత్యేక వైద్య విభాగం ఆరంభమైంది. అటువంటి విభాగాలు నేటికీ చాలా జిల్లాలలో అరుదే.

రెండవ కష్టం ఆదాయం. దేశంలోని శ్రామికులలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది అసంఘటిత రంగంలో ఉన్నారు. ప్రభుత్వోద్యోగికి పదవీ విరమణ ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 1998లో ఆ వయస్సును 58 నుండి 60కి పెంచింది. చేనేత కార్మికునికి, వ్యవసాయ కూలీకి, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీకి విరమణ లేదు. చేతులు ఆడినంతకాలం పని. ఆడని నాడు ఇతరుల దయ. 2011 లెక్కల ప్రకారం వృద్ధులలో నూటికి 71 మంది గ్రామవాసులు.

మూడవది స్త్రీల స్థితి. స్త్రీలు ఎక్కువకాలం జీవిస్తారు. వివాహ సమయంలో వరునికంటే వయస్సులో చిన్నవారై ఉంటారు. ఈ రెండు కారణాల వల్ల వార్ధక్యంలో వితంతువుల సంఖ్య విధురులకంటే ఎంతో అధికం. భూమి పట్టా, ఇంటి పత్రం, బ్యాంకు ఖాతా భర్త పేరున ఉండి, చదువు లేని స్త్రీకి పెరిగిన ఆయువు కొన్నిసార్లు పెరిగిన పరాధీనత అవుతుంది.

రాజ్యం, సమాజం చేసినవి

ఈ సమస్యలను ప్రభుత్వాలు గుర్తించకపోలేదు. 1982లో వియన్నాలో జరిగిన ప్రపంచ మహాసభ వార్ధక్యాన్ని అంతర్జాతీయ చర్చలోకి తెచ్చింది. భారతదేశంలో 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకం నెలకు 75 రూపాయలతో మొదలైంది. 2011 నుండి అర్హత వయస్సు 60కి తగ్గింది. కేంద్రం వాటా 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 దాటినవారికి 500 రూపాయలు. రాష్ట్రాలు తమ వాటాను కలుపుతాయి. తెలంగాణ 2019లో పింఛనును 2,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024లో 4,000 రూపాయలకు పెంచాయి. కొన్ని రాష్ట్రాలలో వృద్ధునికి అందేది ఇందులో నాలుగోవంతు కూడా ఉండదు. ఒకే దేశపు పౌరుల వార్ధక్యానికి రాష్ట్ర సరిహద్దును బట్టి వెల మారుతున్నది. పైగా ఈ పింఛన్లు ఆయా రాష్ట్రాల నివాసులకే పరిమితం. రేషన్ కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లే ఏర్పాటు 2019లో మొదలై 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. బియ్యానికి సాధ్యమైన ఆ ఏర్పాటు పింఛనుకు కూడా సాధ్యం కావాలి. జీవితమంతా పరాయి రాష్ట్రంలో రాళ్లు మోసిన కూలీ ఏ రాష్ట్రపు వృద్ధుడన్న ప్రశ్నకు సమాధానం లభించాలి.

వైద్య రంగంలో 2024 అక్టోబరు నుండి 70 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు అర్హత లభించింది. ఇది ఆసుపత్రిలో చేరినవారికి ఉపకరిస్తుంది; ఇంటి మంచంపై ఉన్నవారి నిత్యావసరాలు మిగిలే ఉన్నాయి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. హిమాచల్ ప్రదేశ్ అంతకుముందే 2001లో ఇటువంటి చట్టం చేసింది. కేంద్ర చట్టం ప్రకారం తమను పోషించని సంతానంపై తల్లిదండ్రులు డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చూసుకుంటామన్న షరతుపై ఆస్తి రాయించుకొని తరువాత వదిలివేస్తే, ఆ దఖలును రద్దు చేయించుకునే హక్కు కూడా ఉన్నది. కాని కన్నబిడ్డపై ఫిర్యాదు చేయడానికి ఎందరు తల్లులకు మనసొప్పుతుంది? చట్టం అన్నం పెట్టించగలదు. పక్కన కూర్చొని మాట్లాడించలేదు.

ఆ వెలితిని సమాజం ఎట్లా పూరించగలదో కోళికోడ్ నగరం చూపింది. అక్కడ 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, మరికొందరు మిత్రులు కలిసి నయం కాని వ్యాధులతో బాధపడేవారి నొప్పి తగ్గించే సేవాకేంద్రం స్థాపించారు. క్రమంగా అది పొరుగువారే పొరుగువారిని కనిపెట్టుకునే ఉద్యమంగా రూపొందింది. ఉపాధ్యాయులు, దుకాణదారులు, గృహిణులు, విద్యార్థులు శిక్షణ పొంది, వారానికి కొన్ని గంటలు కేటాయించి, మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లసాగారు. పుండు కడగడం, పక్క మార్చడం, బియ్యం తెచ్చిపెట్టడం, కాసేపు కబుర్లు చెప్పడం వారి పనులు. 2008లో కేరళ ప్రభుత్వం ఈ సేవను తన ఆరోగ్య విధానంలో భాగం చేసింది. దీనికి భారీ యంత్రాలు అవసరం కాలేదు. పక్కింటి తలుపు తట్టే అలవాటు, దానిని నిలకడగా నడిపే వ్యవస్థ సరిపోయాయి.

యువతరం కర్తవ్యం

వార్ధక్యం ముసలివారి సమస్య అని యువకులు భావించడం సహజం. ఒక చిన్న లెక్క ఆ భావనను సవరిస్తుంది. 2025లో ఇరవై ఏళ్లు నిండిన విద్యార్థికి 2065లో అరవై నిండుతాయి. అప్పటి భారతదేశంలో అతని వయస్సువారు కోట్లలో ఉంటారు. వారిని పోషించవలసిన యువకుల నిష్పత్తి నేటికంటే చాలా తక్కువగా ఉంటుంది. ఈనాడు ఏర్పడే పింఛను విధానం, ఈనాడు నెలకొనే ఆరోగ్య కేంద్రం, మెట్లకు బదులుగా వాలు దారి వేసే బస్టాండు, ఆడపిల్ల పేరున రాసే భూమి, ఇవన్నీ అతనికే ఉపకరిస్తాయి. పనిచేసే వయస్సువారు అధికంగా ఉన్న ఈ రెండు మూడు దశాబ్దాలు దేశానికి లభించిన గడువు. ఆ గడువులో యువతకు విద్య, ఉపాధి దొరికితేనే రేపటి వృద్ధులకు పోషణ దొరుకుతుంది. గడువు తీరిన తరువాత అదే పని ఎన్నో రెట్లు కష్టమవుతుంది.

కళాశాలల జాతీయ సేవా పథకం విద్యార్థులు తమ వాడలో ఒంటరిగా ఉన్న వృద్ధులెందరో లెక్క వేయవచ్చు. పింఛను అర్హత ఉండీ పొందనివారికి దరఖాస్తు రాసిపెట్టవచ్చు. 14567 అనే ఉచిత సహాయ టెలిఫోను సంఖ్యను వారి గోడపై పెద్ద అక్షరాలతో రాసి రావచ్చు. పాఠశాల పిల్లలు తమ ఇంటిలోని అవ్వనో తాతనో కూర్చోబెట్టి, వారి తోడబుట్టినవారు ఎందరు పుట్టారో, ఎందరు బ్రతికారో అడిగి రాసుకోవచ్చు. దేశ ఆయుర్దాయం ఎట్లా పెరిగిందో పాఠ్యపుస్తకం కంటే ఆ జాబితా బాగా బోధిస్తుంది.

"నిండు నూరేళ్లు బ్రతకాలి" అని పూర్వులు దీవించినప్పుడు ఆ మాట నెరవేరే మార్గం వారి చేతిలో లేదు. నేటి తరం ఆ మార్గంలో చాలా దూరం నడిచింది. తాను పొడిగించిన ఆ సంవత్సరాలలో వృద్ధునికి కడుపునిండా అన్నం, నొప్పికి మందు, పలకరించే మనిషి ఉండేట్లు చూడటం ఇక మిగిలిన పని. దానికి నడుం కట్టవలసినది యువతరమే.